ఊరి రిజిస్టర్‌లో లేని పేరు

మా మేనమామది సిద్దిపేట దగ్గర పల్లె. 2021 మే నెలలో ఊపిరి అందక అవస్థ పడుతుంటే రాత్రికి రాత్రి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్ తీసుకుపోయారు. ఐదో రోజు పోయాడు. దహనం కూడా అక్కడే. ఊరికి అస్థికలు మాత్రం వచ్చాయి. ఏడాది తిరిగాక భూమి విరాసత్ పనిమీద పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. కార్యదర్శి జనన మరణాల రిజిస్టర్ తీసి మే నెల పేజీల మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు. మామ పేరు లేదు.

"హైదరాబాద్‌ల పోయిండు గదా సారూ, అక్కడనే ఎక్కుతది. మన దాంట్ల ఉండదు" అన్నాడు.

ఆయన తప్పు లేదు, చట్టమే అంత. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. మనిషి ఎక్కడివాడన్నది కాదు, చావు ఎక్కడ జరిగిందన్నదే దానికి ముఖ్యం. అరవై ఏళ్లు ఆ ఊళ్లో బతికిన మనిషి చివరి ఐదు రోజులు పట్నంలో ఉన్నందుకు పట్నం లెక్కలో చేరాడు. ఆ నెలల్లో సిద్దిపేట నుంచి హైదరాబాద్ దారి పట్టిన అంబులెన్సులను తలుచుకుంటే, జిల్లాల వారీ మరణాల రేటు అనే మాటే నాకు అనుమానంగా తోచింది. అసలు చావులను లెక్కపెట్టడం, ఊరికీ ఊరికీ పోల్చడం ఎవరు మొదలుపెట్టారో వెతకడం అక్కడ మొదలైంది.

కరోనా కాలంలో రోజూ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ బులెటిన్ కోసం ఎదురుచూసేవాళ్లం. కొత్త కేసులు జిల్లాల వారీగా ఉండేవి. చావులు మాత్రం రాష్ట్రం మొత్తానికి కలిపి ఒకే అంకె. దానితోపాటే మరణాల రేటు: 2021 నడిమధ్యలో తెలంగాణది అర శాతానికి కాస్త పైన, దేశానిది ఒక శాతం దాటి. అది చూసి గుండె నిబ్బరం చేసుకున్నాం. పరీక్షలో పాజిటివ్ అని తేలినవాళ్లలో ఎంతమంది పోయారన్నదే ఆ రేటు. పరీక్షకే పోనివాడు అందులో ఎక్కడా లేడు. పరీక్షలు పెంచితే రేటు తగ్గుతుంది. పరీక్ష కాకముందే మనిషి పోతే ఆ చావు అసలు లెక్కలోకే రాదు. 2020 మేలో హైకోర్టు, ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్లకు కూడా పరీక్ష చెయ్యాలని ఆదేశించింది. జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది.

వయసు సంగతి ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో పాజిటివ్ వచ్చినవాళ్లను, వాళ్లతో మెలిగిన 5,75,071 మందిని వెతికి పట్టుకున్న సమాచారంతో రామనన్ లక్ష్మీనారాయణ్ బృందం 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పాజిటివ్ వచ్చిన 5–17 ఏళ్ల పిల్లల్లో మరణాలు 0.05 శాతం, 85 దాటినవాళ్లలో 16.6 శాతం. ముసలివాళ్లు ఎక్కువున్న కేరళనూ, కుర్రవాళ్లు ఎక్కువున్న బీహార్‌నూ ఒకే రేటుతో తూచితే తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

మరి ఏ లెక్కను నమ్మాలి? దీనికి జవాబు దొరికి మూడున్నర శతాబ్దాలు దాటింది. కనిపెట్టినవాడు వైద్యుడు కాడు, లండన్‌లో బట్టలకు కావలసిన సరుకులు అమ్ముకునే జాన్ గ్రాంట్ అనే వర్తకుడు. ఆ నగరంలో వారం వారం చావుల పట్టీలు అచ్చయ్యేవి. చనిపోయిన ఇంటికి ముసలమ్మలు వెళ్లి, శవాన్ని చూసి, ఏ రోగమో చర్చి గుమాస్తాకు చెప్పేవారు. అందరూ ఆ పట్టీలను పైపైన చూసి పక్కన పడేసేవాళ్లు. గ్రాంట్ మాత్రం పాతవన్నీ పోగేసి, వరసగా పేర్చి చదివి, 1662లో పుస్తకం రాశాడు.

అందులో 1625 ప్లేగు ఏడాది గురించి ఆయన చేసిన లెక్క చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ ఏడాది ప్లేగుతో పోయినవాళ్లు 35 వేల పైచిలుకని పట్టీల్లో ఉంది. మిగతా రోగాలతో పోయినవాళ్లు 18 వేల పైన. కానీ ముందూ వెనకా ఏళ్లలో మిగతా రోగాలతో పోయేది ఏడెనిమిది వేల మందే. ప్లేగు వచ్చిన ఏడాదే మిగతా జబ్బులు కూడా రెట్టింపై ఎట్లా విరుచుకుపడతాయి? ఆ పైనున్న 11 వేల మందీ ప్లేగుతో పోయినవాళ్లేనని గ్రాంట్ తేల్చాడు. ప్లేగు అని తెలిస్తే ఇంటికి తాళం వేసి మనుషులను లోపలే బంధించే కాలం అది. ఇంట్లోవాళ్లు నిజం దాచడానికి కారణం వెతకక్కర్లేదు. మన దగ్గరా కరోనా అంటే శవాన్ని ఇవ్వరన్న భయంతో, నలుగురూ రారన్న భయంతో ఎన్ని ఇళ్లలో "జ్వరమొచ్చి పోయిండు" అనే మాట దగ్గరే ఆగిపోయారో గుర్తు తెచ్చుకోండి.

రోగం పేరు దాచొచ్చు, మనిషి పోయిన సంగతి దాచలేరు. గ్రాంట్ కనిపెట్టింది ఇదే. ఏ రోగమని అడగొద్దు, మామూలు ఏడాది ఎంతమంది పోతారు, ఈ ఏడాది ఎంతమంది పోయారు, తేడా ఎంత అని అడగాలి. తరవాత దాదాపు రెండు వందల ఏళ్లకు ఇంగ్లండ్ రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసులో పనిచేసిన విలియం ఫార్ దీన్ని పద్ధతిగా మలిచాడు. 1847 చివర్లో లండన్‌ను ఇన్‌ఫ్లుయెంజా ముంచెత్తితే, ఆ పేరుతో రాసుకున్న చావులను పక్కనపెట్టి మామూలు కంటే ఎన్ని ఎక్కువయ్యాయో లెక్కకట్టి చూపించాడు. ఈ తేడానే ఇవాళ అదనపు మరణాలు అంటున్నాం.

దీన్ని మన నేల మీదికి తెచ్చుకుందాం. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ప్రాంతంలో పది లక్షల పైచిలుకు జనం. తెలంగాణలో మామూలు కాలంలో ఏడాదికి వెయ్యిమందికి సుమారు ఆరుగురు పోతారు. అంటే జిల్లాలో ఏడాదికి ఆరు వేలు, నెలకు అయిదు వందలు. ఏ మహమ్మారీ లేకున్నా నెల నెలా రిజిస్టర్లలో ఎక్కాల్సిన పేర్లివి. ఈ గీతకు ఎంత పైకి పోయిందన్నదే ప్రశ్న. దానికి పరీక్ష కిట్టు అక్కర్లేదు, బులెటిన్ అక్కర్లేదు. ఊరి కార్యదర్శి రిజిస్టర్ సరిగ్గా నింపితే చాలు.

2021లో పరిశోధకులు చేసింది కూడా ఇదే. ఇజ్రాయెల్ ఆర్థికవేత్త ఏరియల్ కార్లిన్‌స్కీ, జర్మనీలో పనిచేసే దిమిత్రి కోబాక్ ఇద్దరూ వందకు పైగా దేశాల మరణాల లెక్కలు ఒకచోట చేర్చారు. మన దేశం మొత్తానికి అట్లాంటి తాజా లెక్క అప్పటికి బయట లేదు. ఆ లోటు కొంతైనా తీర్చింది విలేఖరులు. రాష్ట్రాల, నగరాల నమోదు వివరాలు ఒక్కొక్కటే సంపాదించి అచ్చువేశారు. ఆంధ్రప్రదేశ్‌లో మామూలుగా నెలకు పాతిక వేల పైచిలుకు చావులు నమోదవుతాయి. 2021 మే ఒక్క నెలలో అవి సుమారు 1.3 లక్షలని పాత్రికేయురాలు రుక్మిణి ఎస్. బయటపెట్టారు. హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధిలో 2020 ఏప్రిల్ నుంచి 2021 మే దాకా అదనపు మరణాలు 32 వేలు దాటాయని ‘ది హిందూ’ రాసింది. అప్పటికి రాష్ట్రం మొత్తానికి అధికారిక కరోనా మరణాలు 3,275. ఆ 32 వేలలో హైదరాబాద్ వాళ్లెందరో, మా మామలా జిల్లాల నుంచి వచ్చి పోయినవాళ్లెందరో విడదీసి చెప్పే గడి రేటు పట్టికలో లేదు. పట్నం రేటు పెరిగితే పల్లె రేటు తగ్గినట్టు కనపడుతుంది. పల్లె క్షేమంగా ఉందని దాని అర్థం కాదు.

ఇంకో దారిలోనూ నిజం బయటికొచ్చింది. కరోనాతో పోయినవాళ్ల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం ఇవ్వాలని 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2022 జనవరి నాటికి తెలంగాణ లెక్కలో మరణాలు 3,993. పరిహారానికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు.

2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెండేళ్లలో భారత్‌లో అదనపు మరణాలు 47 లక్షలని అంచనా వేసింది. అధికారిక లెక్క 4.8 లక్షలు. లెక్క కట్టిన పద్ధతే సరికాదని కేంద్రం ఖండించింది. అంచనాల మీద వాదులాడుకోవచ్చు, రిజిస్టర్ మీద వాదన తక్కువ. కానీ 2021 ఏడాది నమోదు నివేదిక 2025 మేలో గానీ వెలువడలేదు. 2020లో 81.2 లక్షలున్న మరణాలు 2021లో 1.02 కోట్లయ్యాయి. ఒక్క ఏడాదిలో 21 లక్షలు ఎక్కువ. ఏటేటా నమోదు మెరుగవుతోంది కాబట్టి అన్నీ కరోనా చావులే అనలేం. అయినా ఆ అంకె అధికారిక లెక్కకు నాలుగు రెట్లకు పైనే ఉంది. నాలుగేళ్లు ఆలస్యంగా చెప్పే లెక్క మూడో వేవ్‌కో, నాలుగో వేవ్‌కో మంచాలు సిద్ధం చేసుకోవడానికి పనికిరాదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

పంచాయతీ ఆఫీసులో ఆ రోజు నేను కారణం రాసే గడి కూడా చూశాను. "వాళ్లేం చెప్తే అదే రాస్తం సారూ" అన్నాడు కార్యదర్శి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. తక్కినవాటికి డాక్టరు మాట లేదు.

అందుకే మీకొక మాట. ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో చెప్పండి, ఆ గడువులో రుసుము ఉండదు. చూసిన డాక్టరు ఉంటే కారణం రాసిన పత్రం అడిగి తీసుకోండి. 2020, 2021లలో ఇంటి దగ్గరే పోయి పేరు ఎక్కనివాళ్లు మీ వాళ్లలో ఉంటే, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. నాలుగు రోజులు తిరగాల్సి రావచ్చు. అయినా తిరగండి, వాళ్ల పేరు ఎక్కించండి.