పట్టా లేని విముక్తి: దక్షిణ కెరొలినా ద్వీపములలో దాస్యవిముక్తుల భూమి కథ

1865వ సంవత్సరము జనవరి 12వ తేదీ రాత్రి 8 గంటలకు, జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణములో, ఉత్తర దక్షిణ రాష్ట్రముల అంతర్యుద్ధములో మూడు వారములకు ముందే ఆ పట్టణమును పట్టుకొన్న, ఉత్తరాదిదగు సమాఖ్యపక్షపు షెర్మన్ సేనాని విడిదియందు, ఇరువదిమంది నల్లజాతి మతబోధకులు సమావేశమైరి. వారిని పిలిపించినవారు షెర్మనును, అమెరికా యుద్ధమంత్రి స్టాంటనును. బానిసలను గూర్చి శాసనములు చేయుటయే గాని, మీకేమి కావలెనని వారినే అడిగి, వారి సమాధానములను ప్రశ్నవెంట ప్రశ్నగా వ్రాసికొనుట ఆ దేశ చరిత్రలో మిక్కిలి అరుదు. ఆ రాత్రి అందరి పక్షమున మాటాడినవాడు గారిసన్ ఫ్రేజియర్ అను 67 ఏండ్ల వృద్ధుడు. ఉత్తర కెరొలినాలో పుట్టి, జీవితములో అధికభాగము దాస్యమున గడిపి, అప్పటికి 8 ఏండ్ల క్రిందట వెండి బంగారు నాణెములలో 1000 డాలర్లు చెల్లించి, తన్నును తన భార్యను తానే కొనుక్కొన్నవాడు.

దాస్యమనగా నేమని అడుగగా, ఎదిరింపరాని బలముచేత, ఒకని సమ్మతి లేకుండ వాని కష్టమును మరియొకడు గైకొనుటయని ఆతడు చెప్పెను. స్వాతంత్ర్యమనగా ఆ కాడిక్రిందినుండి తప్పించి, తమ కష్టఫలమును తామే అనుభవించుచోట నిలుపుటయని నిర్వచించెను. మీ పోషణము మీరెట్లు చేసికొందురన్న ప్రశ్నకు, భూమి కలిగియుండి దానిని తమ చేతులతో సాగుచేసికొనుటయే మేలైన మార్గమనియు, వెలయిచ్చి సొంతము చేసికొనగల శక్తి కలుగువరకు తమ్ము భూమిపై నిలుపవలెననియు సమాధానమిచ్చెను. దానము కోరలేదు, కొనుక్కొందుమనెను.

దాస్యవిముక్తులను గూర్చి వ్రాసినవారిలో పలువురు, వారు స్వాతంత్ర్యమునకు సిద్ధముగా నుండిరా లేదా అను ప్రశ్నతో ఆరంభింతురు. నా దృష్టిలో ఆ ప్రశ్నయే తప్పు. ఏమి కావలెనో వారెరిగియుండిరి. ఎరిగినదానిని స్పష్టముగా పలికిరి. విచారింపవలసినది, దానిని విన్న ప్రభుత్వము ఇచ్చినదేమి, ఇచ్చినదానిని ఏ రీతిగా తిరిగి తీసికొన్నది అను విషయము. ఇందులకు దక్షిణ కెరొలినా సముద్రతీర ద్వీపములకంటె చక్కని నిదర్శనము లేదు. ఏలయన, ఇరుగుపొరుగు ద్వీపములలోనే, ఒకచోట విముక్తులకు స్వాధీనము మాత్రమే దక్కగా, మరియొకచోట కొందరికి క్రయముచే హక్కు దక్కెను.

సవానా సమావేశమునకు నాలుగు దినముల తరువాత, జనవరి 16న, షెర్మన్ తన 15వ యుద్ధభూమి ఆజ్ఞను వెలువరించెను. చార్ల్స్‌టన్ మొదలు దక్షిణమున ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నదివరకుగల ద్వీపములును, తీరమునుండి 30 మైళ్ళ లోపలివరకు నదుల వెంట యజమానులు విడిచిపోయిన వరిపొలములును విముక్తుల నివాసమునకై ప్రత్యేకింపబడెను. కుటుంబమునకు 40 ఎకరములకు మించకుండ భూమి. ఆ వేసవి వచ్చునప్పటికి సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరములలో కుదురుకొనిరి. వారు వేసికొన్నది అధికముగా మొక్కజొన్న, చిలగడదుంప, తమ పొట్టకు కావలసిన పంటలు. ప్రత్తి నాటుడని ఉత్తరాది అధికారులు ఎంత చెప్పినను పెక్కుచోట్ల వారికి మనసొప్పలేదు. ప్రత్తి దొరను ధనవంతుని చేసినదే గాని తమకు పట్టెడన్నము పెట్టలేదని వారు అనుభవమున నెరుగుదురు.

అయితే ఆ ఆజ్ఞలో ఒక చిన్న మాట కలదు. విముక్తులకు లభించునది స్వాధీనపత్రము. అదియు రాష్ట్రపతి ఆమోదమునకు లోబడినది. ఆ ఏప్రిల్‌లో అమెరికా రాష్ట్రపతి లింకన్ హత్యకు గురియయ్యెను. ఆయన స్థానమునకు వచ్చిన ఆండ్రూ జాన్సన్ మే 29న తిరుగుబాటుదారులలో అధికసంఖ్యాకులకు క్షమాభిక్ష ప్రకటించి, బానిసలు తప్ప తక్కిన ఆస్తియెల్ల వారికి మరల చెందునని శాసించెను. పారిపోయిన దొరలు ఒక్కొక్కరుగా తిరిగివచ్చిరి.

ఆ అక్టోబరులో ఎడిస్టో ద్వీపమున జరిగిన ఘటన చదివినప్పుడెల్ల నా హృదయము బరువెక్కును. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అను విముక్తజన సంక్షేమశాఖకు అధిపతియైన హవర్డ్ సేనాని, యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొన్నవాడు, విముక్తుల హితము కోరినవాడే, భూమిని పూర్వయజమానులకు విడిచిపెట్టుడని చెప్పుటకు రాష్ట్రపతి ఆజ్ఞచే ఆ ద్వీపమునకు వచ్చెను. చర్చి క్రిక్కిరిసియుండెను. ఆయన మాట వినబడగనే కలకలము బయలుదేరెను. ఒక స్త్రీ తమ దుఃఖగీతమొకటి ఎత్తుకొనగా జనమంతయు గొంతు కలిపిరి. పాట ముగిసిన తరువాత సేనాని మరల ప్రారంభించెను. మా భూములు మానుండి ఏల తీసికొనుచున్నారని మేడవరుసనుండి ఒక గొంతు ప్రశ్నించెను. ఆయనయొద్ద సమాధానము లేదు. తరువాత ముగ్గురు ప్రతినిధులు ఆయనకు వ్రాసిన లేఖలో, తన్ను చెట్టుకు కట్టి 39 కొరడాదెబ్బలు కొట్టినవానిని, తన తల్లిని చెల్లెలిని హింసించినవానిని క్షమింపుమని చెప్పుట మీకు సులభమేగాని, వాని దయకు తన్ను అప్పగించుట ఎట్టి న్యాయమను భావము కన్నీటితో కలిసి కనబడును. ప్రభుత్వమునకు విధేయులమైనది మేమా, వారా అని వారడిగిరి. భూములను పంచిపెట్టిన శాక్స్టన్ సేనాని ఈ అన్యాయమునకు లోబడక, 1866 జనవరిలో ఉద్యోగమునుండి తొలగింపబడెను.

భూమిని తిరిగి తీసికొనుట ఖజానాలో ధనము లేక జరిగిన పని కాదు. 1862 ఏప్రిల్‌లో రాజధానియైన వాషింగ్టన్‌లో దాస్యము రద్దుచేసినప్పుడు, బానిసకు 300 డాలర్లవరకు యజమానులకు పరిహారము చెల్లించిన ప్రభుత్వమే ఇది. బానిసకు మాత్రము పరిహారము లేదు.

భూమి పోయినవారికి మిగిలినది కూలియో, పాలుసేద్యమో. 1865 చివర మిస్సిసిపి రాష్ట్రము, పట్టణములలో తప్ప విముక్తులు భూమిని కౌలుకు తీసికొనరాదనియు, ప్రతి జనవరిలోను తమకు పనియున్నట్లు వ్రాతమూలకమైన ఆధారము చూపవలెననియు శాసనము చేసెను. శాసనములు కొన్ని రద్దయినను, అంగడి అప్పు రద్దు కాలేదు. విత్తనము, ఎరువు, పిండి, బట్ట, సమస్తమును దుకాణదారు పంటపై అప్పుగా ఇచ్చును. పద్దు వ్రాయువాడాతడే, ధర కట్టువాడాతడే. కోతలనాటికి లెక్క చూడగా రైతు వంతున మిగులునది మరుసటి యేటి అప్పు. మన పల్లెలలో కోరుకు దున్ని, కళ్లములోనే గింజలు కొలిచియిచ్చి, ఖాళీ గోనెతో ఇంటికి వచ్చినవారికి ఈ పద్ధతి వివరించి చెప్పనక్కరలేదు.

ఇట్టి స్థితిలోనే విముక్తులు సంసారములను కూర్చుకొనిరి. చిన్ననాడు అమ్ముడుపోయిన బిడ్డలకై తల్లులు, విడిపోయిన భార్యలకై భర్తలు నల్లజాతి పత్రికలలో ప్రకటనలు వేయించి, చర్చి వేదికలనుండి వానిని చదివి వినిపింపుడని బోధకులను వేడుకొనిరి. యజమాని పేరు, అమ్మిన ఊరు, వ్యాపారి పేరు, ఇవియే గురుతులు. 20, 30 ఏండ్ల యెడబాటు తరువాత ముఖముచే గుర్తుపట్టుట అసాధ్యము కదా! పాఠశాలలు వెలసెను, 1870 నాటికి బ్యూరో తోడ్పాటుతో నడచిన బడులు 4,000కు పైగానుండి, అందు 2 లక్షల మందికి మించి చదువుకొనుచుండిరి. కూడబెట్టిన సొమ్ము దాచుకొనుటకై 1865లో నెలకొల్పిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు, పాలకవర్గము తగిన హామీ లేక ఇచ్చిన అప్పుల మూలమున 1874 జూన్‌లో మూతపడగా, 61,000 మందికి పైగా ఖాతాదారులు నష్టపడిరి. దాని రక్షణకు కడపట అధ్యక్షుడుగా వచ్చిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ తన సొంత ధనము 10,000 డాలర్లు అందులో పెట్టెను, ఫలము లేకపోయెను.

ఇప్పుడు ఎడిస్టోకు పొరుగుననున్న బ్యూఫర్ట్ ప్రాంతమును చూతము. 1861 నవంబరులో సమాఖ్యనౌకాదళము పోర్ట్ రాయల్‌ను పట్టుకొనగా దొరలు బానిసలను విడిచి పారిపోయిరి. పన్ను చెల్లింపనందున 1863 మొదలు వారి భూములు వేలము వేయబడెను. అధికభాగము ప్రభుత్వమునకును, ఉత్తరాది ధనికులకును పోయినను, కొందరు విముక్తులు చేతిడబ్బు కలిపి కొన్ని పొలములు పాడుకొనిరి. ఆ కొన్నవారి చేతిలోనిది అనుగ్రహపత్రము కాదు, విక్రయ దస్తావేజు. జాన్సన్ క్షమాభిక్ష దానిని కదిలింపలేకపోయెను; అచటి సెయింట్ హెలీనా ద్వీపమున ఆ భూములు తరతరములుగా నల్లవారి చేతిలోనే నిలిచెను.

బ్యూఫర్ట్‌లో బానిసగా పుట్టి, 1862 మేలో దక్షిణాది తిరుగుబాటుదారుల సాయుధ నౌక ప్లాంటర్‌ను తానే నడపుకొని సమాఖ్యపక్షమునకు చేర్చిన రాబర్ట్ స్మాల్స్, తన పూర్వయజమాని యింటినే పన్ను వేలములో కొనెను. పూర్వపు హక్కుదారు ఆ యిల్లు తనదని దావా తెచ్చెను. 1878లో అమెరికా సుప్రీంకోర్టు ఆ విక్రయము చెల్లునని, ఇల్లు స్మాల్స్‌దేనని తీర్పు చెప్పెను. ఆతడు 1915లో ఆ యింటనే కన్నుమూసెను.