తెర మీది వైద్యం: ఉద్దానం దాకా

వైద్యుడూ రోగీ వేర్వేరు చోట్ల ఉండి దృశ్య, శ్రవణ సాధనాల ద్వారా జరిపే సంప్రదింపును దూరవైద్యం అంటారు. ఇది తెలుగు నేలపై 2000 మార్చి 24న, చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో కేంద్రాన్ని అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించడంతో ప్రచారంలోకి వచ్చినా, పల్లె ఉపకేంద్రం దాకా దిగడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 2019 నవంబరులో ఈ-సంజీవని అనే దూరవైద్య సేవను దేశంలో మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే.

జీడి, కొబ్బరి తోటల నడుమ దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి పాతుకుపోయిన ఉద్దానానికి, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాలకు, ఇది కేవలం సౌకర్యం కాదు. పెద్ద వైద్యుడి కోసం పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లడమంటే కూలీకి పని పోవడమే. ఈ పద్ధతిలో ఉపకేంద్రంలోని ఆరోగ్య అధికారిణి రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చెప్పే నివేదికను దూరాన ఉన్న వైద్యుడికి తెలుపుతుంది. కాలి వాపును వేలితో నొక్కి, గుంట పడిందో లేదో చెప్పవలసిందీ ఆమే. ఈ మధ్యవర్తిత్వాన్ని ప్రభుత్వ నివేదికలు అంతగా పట్టించుకోవు.

అయితే మూత్రపిండాలు పాడైనవారి రక్తాన్ని శుద్ధి చేయడం తెర వల్ల కాదు. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానుకు ఈ తీరంలో, తెరకు ఆధారమైన కరెంటూ ఫోన్లూ మూగబోయిన సంగతీ మరువరానిది. తెర చేయలేని చికిత్సకు పలాసలోనే 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.