మహాకవి గోథే ఇటలీ యాత్ర

జర్మను మహాకవి గోథే పేరు వినినంతనే మన దేశమున పలువురకు కాళిదాసుని శాకుంతలము స్మరణకు వచ్చును. 1791లో వెలువడిన జర్మను అనువాదమును చదివి పరవశుడై ఆయన ఆ నాటకమును కీర్తించెను. కాని భారతదేశమును ఆయన కన్నులార చూడలేదు. కన్నులార చూచి, జీవితాంతము తలచుకొన్న పరదేశము ఇటలీ.

ఆ ప్రీతికి బీజమును నాటినవాడు తండ్రి. యోహాన్ కాస్పర్ గోథే 1740లో ఇటలీ చుట్టివచ్చి, తన యాత్రావృత్తాంతమును ఇటాలియను భాషలోనే వ్రాసికొనెను. ఫ్రాంక్‌ఫర్టులోని వారి ఇంటి గోడలపై రోము నగర దృశ్యముల పటములు వ్రేలాడుచుండెడివి. తండ్రి తెచ్చిన గొండోలా పడవబొమ్మ ఒకటి ఉండెను. దానితో ఆడుకొనుటకు ఎప్పుడైన అనుమతి లభించినచో బాలునకు అది పెద్ద పండుగ.

1749లో జన్మించిన గోథే 1775 నవంబరులో వైమారు సంస్థానమున ప్రవేశించెను. అప్పటికే ఆయన రచయితగా యూరపు ఖండమంతట ప్రసిద్ధుడు. యువప్రభువు కార్ల్ ఆగస్టు ఆయనను మిత్రునిగా గౌరవించి, రాజ్యభారమును గూడ క్రమముగా భుజములపై మోపెను. బాటలు, గనులు, సైనిక వ్యవహారములు, 1782 నుండి కోశాగారము సైతము ఆయన వంతునకు వచ్చెను. ఆయన ఏ పనినీ నిర్లక్ష్యము చేయలేదు. కాని దస్త్రములు పెరిగిన కొలది కావ్యములు నిలిచిపోయెను. ఎగ్మాంటు, టాసో, ఫౌస్టు నాటకములు అసంపూర్ణములై పెట్టెలో పడియుండెను. పదేండ్లు కర్తవ్యమును చక్కగా నిర్వహించిన ఆ ఉద్యోగికి, తనలోని కవి మరణించుచున్నాడేమో యను భయము కలిగెను.

1786 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలకు, ముప్పదియేడేండ్ల ఆ మంత్రి కార్ల్స్‌బాడు పట్టణమున తపాలా బండినెక్కి ఎవరికిని చెప్పక వెడలిపోయెను. ప్రభువునకు వ్రాసిన జాబులో నిరవధికమైన సెలవు కోరెను గాని, ఎచటికి పోవుచున్నదియు తెలుపలేదు. ప్రాణసమానురాలైన షార్లెట్ ఫాన్ స్టైన్‌కును చెప్పలేదు. నమ్మిన సేవకుడొక్కడు మాత్రమే ఆ రహస్య మెరుగును. మార్గమున ఆయన పేరు మ్యోల్లరు.

ఆల్ప్స్ కనుమలు దాటి గార్డా సరస్సు చేరినది మొదలు ఆయన బాలుడయ్యెను. టోర్బొలే గ్రామపు సత్రములో తలుపులకు తాళములు లేవు. కిటికీలకు అద్దములకు మారుగా నూనె కాగితములు. అయినను సరస్సులోని చేపలు, అప్పుడే కోసిన అంజూరపు పండ్లు ఆయనకు ఆ కొరత నంతయు తీర్చెను. మరునాడు మాల్చెసీనే గ్రామములో శిథిలమైన కోటను చిత్రించుచుండగా జనులు మూగి, ఆస్ట్రియా చక్రవర్తి పంపిన గూఢచారి యని శంకించిరి. ఒకడు ఆ చిత్రమును చింపివేసెను. గ్రామాధికారి విచారణకు వచ్చెను. అదృష్టవశమున, ఫ్రాంక్‌ఫర్టులో పూర్వము కొలువు చేసిన గ్రెగోరియో అను గ్రామస్థుడు ఆయన మాటలు విని, ఆ నగరమువాడే యని నిశ్చయించి సాక్ష్యము పలికెను. ఆ ఆపద చివరకు ఆతిథ్యముగా మారి, పండ్లబుట్టతో ముగిసెను.

పాడువా నగరపు వృక్షోద్యానములో 1585లో నాటిన ఒక పొట్టి తాళవృక్షమును ఆయన చూచెను. దాని లేత ఆకు బల్లెపు మొనవలె ఒంటిగా నుండును; తరువాతి ఆకులు క్రమముగ చీలి విసనకఱ్ఱ ఆకారమును దాల్చును. తాటిమొక్కలను ఎరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. గోథేకు మాత్రము అది ఒక సిద్ధాంతమునకు దారి చూపెను. మొక్క భాగములన్నియు ఒకే మూలావయవము యొక్క రూపాంతరములను భావము 1790లో గ్రంథరూపము దాల్చెను. ఆ చెట్టును నేటికిని గోథే పేరుతోనే పిలుతురు. వెనిసులో తొలి గొండోలా తన నావను సమీపించినప్పుడు ఆయనకు తండ్రి తెచ్చిన బొమ్మ జ్ఞప్తికి వచ్చెను.

అక్టోబరు 29న రోము చేరెను. ఆ దినమును తన రెండవ జన్మదినముగా ఆయన భావించెను. కోర్సో వీథిలో చిత్రకారుడు టిష్‌బైను తోడి బసలో, మంత్రి పదవి నెరుగని కళాకారుల నడుమ సామాన్యునివలె మెలగెను. ఇఫిగేనియా నాటకమును పద్యరూపమున పూర్తిచేసినది అచటనే. ఎగ్మాంటు ముగిసినదియు అచటనే. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన పేర మ్యూజియమైనది.

1787 ఫిబ్రవరిలో నేపుల్సు చేరి, మార్చి నెలలో వెసూవియసు అగ్నిపర్వతమును మూడుమారులెక్కెను. పాంపేయి శిథిలములు చూచెను. పిమ్మట సిసిలీ ద్వీపమునకు నావ నెక్కెను. పలెర్మోలో ఆకుకూర పాలవలె రుచించుట చూచి, ప్రాచీనులు దానికి పాలను స్ఫురింపజేయు పేరేల పెట్టిరో గ్రహించెను. నేడు అగ్రిజెంటో అని పిలువబడు గిర్జెంటిలో సత్రము లేకపోగా ఒక కుటుంబము ఆశ్రయమిచ్చెను. ఆ ఇంటి బాలికలు మేలైన గోధుమపిండిని చేతులతో ఒత్తి మాకరోనీ తయారుచేయు విధమును ఆయన ఆసక్తితో పరిశీలించెను. భోజనమును గూడ ఆయన విద్యగానే చూచెను. ఏ గోధుమ, ఏ నేల, ఎవరి శ్రమ అను ప్రశ్నలు ఆయన రుచికి వెన్నంటి యుండెడివి.

ఈ దృష్టికి ఉత్తమోదాహరణము నేపుల్సునందు కానవచ్చును. ఆయన చేతిలోని ఫోల్క్‌మాన్ యాత్రాదర్శిని, ఆ నగరమున ముప్పది నలువది వేలమంది సోమరులున్నారని వ్రాసెను. ఉత్తరదేశీయులు దీనిని నమ్మి నవ్వుకొనుచుండెడివారు. గోథే నవ్వలేదు; వేకువ నుండి వీథులలో తిరిగి లెక్కించి చూచెను. బరువులు మోయు కూలీలు పని కొరకు నిలిచియుండిరి. జాలరులు గాలి మారుటకై వేచియుండిరి. పసిపిల్లలు సైతము పడవల కార్ఖానాలోని కఱ్ఱముక్కలు ఏరి అమ్ముకొనుచుండిరి. వీథులలోని చెత్త గాడిదలపై తోటలకు ఎరువుగా పోవుచుండెను. చినిగిన బట్ట సోమరితనమునకు గుర్తు కాదనియు, ఎండ కాయు దేశమున పేదకు అక్కరలు తక్కువ యనియు ఆయన నిర్ణయించెను. పరదేశమును ప్రేమించుట యనగా దాని వంటను మెచ్చుకొనుట మాత్రమే కాదు. దానిపై వచ్చిన అపవాదును స్వయముగా పరీక్షించుటయు.

అట్లని ఆయన చూపు సర్వము చూడలేదు. ఫ్లారెన్సులో మొదటిసారి మూడు గంటలకు మించి నిలువలేదు. అసీసీలో ప్రాచీన మినర్వా దేవాలయమునకై పరుగిడి, జొట్టో సంప్రదాయపు చిత్రములతో ప్రసిద్ధికెక్కిన సెయింట్ ఫ్రాన్సిసు ఆలయమును విముఖుడై దాటిపోయెను. గ్రీకు రోమను కళపై భక్తి ఆయన కన్నులు తెరచినట్లే, మధ్యయుగము పట్ల మూసివైచెను.

1788 ఏప్రిలులో కన్నీటితో రోమును విడిచి, జూనులో వైమారు చేరెను. యాత్రాకాలమున ప్రభువు ఆయన జీతమును నిలిపివేయలేదు. పాలనాభారమును చాలవరకు తొలగించి, కళావిజ్ఞానముల పర్యవేక్షణ అప్పగించెను. ఒక అధికారి చెప్పక పోయినను, ఆయన లోపలి అవసరమును గుర్తించిన ఆ ప్రభువు ఔదార్యము కొనియాడదగినది. టాసో పూర్తియయ్యెను, ఫౌస్టు ముందుకు సాగెను. కాని షార్లెట్ స్నేహము చెడెను, మిత్రుల పలకరింపు చల్లబడెను. ఆ సెలవునకు ఆయన చెల్లించిన మూల్యమది.

1790లో రాజమాత నెదుర్కొనుటకై ఆయన మరల వెనిసు వెళ్లెను. ఈసారి అది రాచకార్యము. ఆ నగరమే ఆయనకు మురికిగను, మోసముగను తోచెను. దేశము నాలుగేండ్లలో మారలేదు. పోయిన మనసు వేరు.

రోములో నుండగా 1788లో ఒక దిగులు సాయంకాలమున, గోథే సెస్టియసు పిరమిడ్ చెంత తన సమాధి ఉన్నట్లు ఒక చిత్రము గీసెను. ఆ కోరిక తీరలేదు; 1832లో ఆయన వైమారులో కన్నుమూసెను. కాని తండ్రివలెనే వైమారు కొలువులో నుండిన కుమారుడు ఆగస్టు, 1830లో తానును ఇటలీ బయలుదేరెను. తాత చూచిన బాట, తండ్రి కీర్తించిన బాట. ఆ అక్టోబరులో రోమున జబ్బుపడి మరణించెను. సెస్టియసు పిరమిడ్ చెంతనే అతనిని ఖననము చేసిరి. తండ్రికంటె ముందు పోయిన గోథే కుమారుడు, వయస్సు నలువది యని ఆ రాతిపై గలదు. అతని పేరు లేదు.