ఒంటెద్దు కాలేజీలు కాడి కలిపిన కథ

ఒక్క ఎద్దే ఉన్న రైతు సేద్యం మానుకునేవాడు కాదు. తనలాంటి ఒంటెద్దు రైతునే ఇంకొకరిని చూసుకుని కాడి కలిపేవాడు. ఇవాళ నీ చేను, రేపు నా చేను. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు చేసిందీ ఇదే. కాకపోతే అక్కడ కాడి కుదరడానికి దశాబ్దాలు పట్టింది. మధ్యలో ఒకసారి, కాడి పేరు చెప్పి కొందరిని పొలిమేర దాటించాలనీ చూశారు.

ఆరుగురితో మొదలు

ఇల్లినాయి రాష్ట్రంలో షికాగోకు నైరుతి దిక్కున జోలియట్ అనే ఊరుంది. సున్నపురాయి క్వారీలకు, ఉక్కు మిల్లుకు పేరుపడ్డ ఊరు. అక్కడి హైస్కూలు పెద్ద జె. స్టాన్లీ బ్రౌన్‌కు ఒక దిగులుండేది. హైస్కూలు ముగించిన పిల్లల్లో చదువు మీద ఆశ ఉన్నవాళ్లు చాలామందే, షికాగోలో ఉండి చదువుకునే స్తోమత ఉన్నవాళ్లు మాత్రం కొద్దిమంది. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్‌తో మాట్లాడి ఆయన ఒక దారి కనిపెట్టాడు. డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు హైస్కూల్లోనే చెబుదాం, మిగతాది విశ్వవిద్యాలయంలో పూర్తి చేసుకుంటారు. 1901లో ఆరుగురు విద్యార్థులతో ఆ తరగతి మొదలైంది. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న తొలి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ అదే, జోలియట్ జూనియర్ కాలేజీ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైనికుల చదువుకు ప్రభుత్వమే డబ్బు కట్టడంతో కాలేజీలు కిక్కిరిశాయి. ఊరూరా ఇలాంటి కాలేజీలు రావాలని అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947 నివేదికలో చెప్పింది. 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు జనం నోళ్లలో నానడం ఆ నివేదికతోనే. 1960లలో దేశంలో దాదాపు వారానికొకటి చొప్పున తెరుచుకున్నాయి.

దగ్గరితనమే బలం, అదే చిక్కు

ఇల్లినాయి 1965లో చట్టం చేసి రాష్ట్రాన్ని కాలేజీ జిల్లాలుగా విడగొట్టింది. ఇప్పుడక్కడ 39 జిల్లాలున్నాయి. ప్రతి జిల్లా తన ప్రజల ఆస్తి పన్నులోంచి కాలేజీకి కొంత ఇస్తుంది. అందుకే స్థానికులకు ఫీజు తక్కువ. పక్క జిల్లా పిల్లవాడు వస్తే ఫీజు చాలా ఎక్కువ. పన్ను కట్టింది మేము, చవక చదువు మీకెందుకన్నది అక్కడి లెక్క.

ఇంగ్లిష్, లెక్కలు ఏ కాలేజీ అయినా చెబుతుంది. మరి పదిమందే చేరే కోర్సు మాటేమిటి? అంత్యక్రియల వృత్తినే చూడండి. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో మృతదేహం పాడవకుండా ఎంబామింగ్ చేయడం, దహన ఖననాలు చూసుకోవడం లైసెన్సు కావలసిన పని. దానికి చదువు ఉండాలి. శరీర నిర్మాణం, రసాయనాలు, గాయపడ్డ ముఖాన్ని తిరిగి తీర్చిదిద్దడం, చట్టం, దుఃఖంలో ఉన్నవాళ్లతో మాట్లాడే తీరు, అన్నీ నేర్పాలి. ప్రత్యేకమైన గది కావాలి, బల్లలు కావాలి, అనుభవమున్న గురువు కావాలి. ఏడాదికి ఇద్దరో ముగ్గురో అడిగే జిల్లా ఇదంతా ఎక్కడ పెడుతుంది? గేల్స్‌బర్గ్‌లో కవి కార్ల్ శాండ్‌బర్గ్ పేరు మీదున్న కాలేజీ ఆ కోర్సు చెబుతుంది. అందరూ కట్టనక్కర్లేదు, ఒకరు కడితే మిగతావాళ్లు పిల్లల్ని పంపితే చాలు.

ఫీజు సంగతి తేల్చడానికి అక్కడి చట్టం ఒక ఏర్పాటు చేసింది. సొంత జిల్లాలో లేని కోర్సు కోసం విద్యార్థి బయటికి వెళితే, పెరిగిన ఫీజు భారం సొంత జిల్లా భరించాలి. తర్వాత కాలేజీలే ఇంకో అడుగు వేసి ఉమ్మడి ఒప్పందం రాసుకున్నాయి. మీ దగ్గర లేని కోర్సుకు మీ పిల్లవాడొస్తే మా పిల్లవాడి ఫీజే తీసుకుంటాం అని దాని సారాంశం. విద్యార్థి చేయాల్సిందల్లా, తమ దగ్గర ఆ కోర్సు లేదని సొంత కాలేజీ నుంచి ముందే కాగితం తెచ్చుకోవడం.

పొలిమేర దాటించిన కాడి

ఇదే ఆలోచనకు ఒక చీకటి పుట కూడా ఉంది. 1935లో లాయిడ్ గెయిన్స్ అనే నల్లజాతి యువకుడు మిస్సోరీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రానికి దరఖాస్తు పెట్టాడు. ఇక్కడ చోటు లేదు, పొరుగు రాష్ట్రానికి వెళ్లు, ఫీజు మేమే ఇస్తామంది ప్రభుత్వం. 1938లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. తెల్లవాళ్లకు రాష్ట్రంలో చెప్పే చదువు నల్లవాళ్లకూ రాష్ట్రంలోనే చెప్పాలంది.

పదేళ్లకు దక్షిణాది గవర్నర్లు ప్రాంతీయ ఒడంబడిక తెచ్చారు. వైద్యం, పశువైద్యం లాంటి ఖరీదైన చదువులు రాష్ట్రాలు పంచుకోవడం దాని ఉద్దేశం. బాల్టిమోర్‌లో ఎస్తర్ మెక్రెడీ అనే అమ్మాయి మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ సీటు అడిగితే, ఆ ఒడంబడిక చూపించి, నల్లజాతివారి కోసం నెలకొల్పిన నాష్‌విల్ మెహారీ కాలేజీకి వెళ్లమన్నారు. తన ఊళ్లో కాలేజీ ఉండగా వేరే రాష్ట్రానికి ఎందుకు పోవాలని ఆమె కోర్టుకెక్కింది. 1950లో మేరీలాండ్ అప్పీలు కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆమె అక్కడే చదివి 1953లో పట్టా అందుకుంది.

1974లో దక్షిణాది రాష్ట్రాలు 'అకడమిక్ కామన్ మార్కెట్' మొదలుపెట్టాయి. సొంత రాష్ట్రంలో లేని డిగ్రీని పొరుగు రాష్ట్రంలో స్థానికుల ఫీజుకే చదవవచ్చు. ఇక్కడ పొమ్మనేవాళ్లు లేరు, దారి ఎంచుకునేది విద్యార్థే. అప్పటికీ ఇప్పటికీ తేడా అదొక్కటే.

మన గుమ్మంలో

మన దేశంలోనూ యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. ఒక కాలేజీలో కోర్సు చదివి సంపాదించిన క్రెడిట్‌ను మరో కాలేజీకి పట్టుకెళ్లవచ్చు. కాగితం మీద కాడి సిద్ధమైనట్టే. కానీ క్రెడిట్ కంప్యూటర్లో ప్రయాణిస్తుంది, చదివే పిల్ల బస్సులో ప్రయాణిస్తుంది. మన పట్టణాల డిగ్రీ కాలేజీలు చేతులు కలిపేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: పెరిగిన ఫీజు ఎవరు కడతారు, బస్సు ఖర్చు ఎవరు పెడతారు, 'మా దగ్గర లేదు, వెళ్లి చదువుకో' అనే మాట ఎవరి మేలు కోరి అంటున్నారు. ఆ మూడో ప్రశ్నకు జవాబు పిల్లల్ని అడిగే రాసుకోవాలి.