జార్జి క్యాడ్‌బరీ

బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన చాకొలెట్ వ్యాపారి, సంఘసేవకుడు జార్జి క్యాడ్‌బరీ 1839 సెప్టెంబరు 19న జన్మించాడు. ఆయన కుటుంబం క్వేకర్లది. పురోహిత వర్గం లేకుండా మౌనప్రార్థన చేస్తూ, యుద్ధాన్ని తిరస్కరించే క్రైస్తవ శాఖకు ఆ పేరు. తండ్రి జాన్ 1824లో తెరిచిన దుకాణం కర్మాగారంగా ఎదిగి, తరువాత క్షీణదశకు చేరగా, 1861లో జార్జి తన అన్న రిచర్డ్‌తో కలిసి దాని భారం స్వీకరించాడు. కోకోలోని కొవ్వు పైకి తేలకుండా పిండి కలిపి అమ్మడం నాటి వాడుక. ఆ కొవ్వును పిండి తీసే యంత్రాన్ని హాలండు నుంచి తెప్పించి, 1866లో కల్తీలేని కోకో పొడిని విపణిలోకి తేవడంతో సంస్థ నిలదొక్కుకుంది.

జార్జి సుమారు యాభై ఏళ్లపాటు ఆదివారాలు వయోజన పాఠశాలలో శ్రామికులకు చదువు చెప్పాడు. వారి ఇరుకు ఇళ్లను దగ్గరగా చూసినందువల్లనే పేదరికానికి నివాసమే మూలమన్న అభిప్రాయం ఆయనలో బలపడింది. 1879లో కర్మాగారాన్ని ఊరి వెలుపలి పచ్చిక బయళ్లకు, తామే బోర్న్‌విల్ అని పేరుపెట్టిన చోటికి తరలించిన సోదరులు పనివారికి ఆటస్థలాలు కల్పించారు; 1890లలో జార్జి సమీపాన 120 ఎకరాలు కొని, ప్రతి ఇంటికీ తోట ఉండేలా ఒక గ్రామాన్ని నిర్మింపజేశాడు. సారాయి దుకాణాలకు మాత్రం అందులో చోటివ్వలేదు. ఈ ఇళ్లు తన కార్మికులకే పరిమితం కాలేదు. పైగా 1900లో గ్రామాన్ని ఒక ధర్మనిధికి అప్పగించి యాజమాన్యం వదులుకున్నాడు. ఆయన దాతృత్వంలో తక్కిన అనేక విరాళాలకన్నా ఈ ఏర్పాటే విశిష్టమైనది, ఎందుకంటే యజమాని దయమీద ఆధారపడే స్థితి నుంచి అది నివాసులను తప్పించింది.

దక్షిణాఫ్రికాలో బ్రిటన్ సాగిస్తున్న బోయర్ యుద్ధాన్ని వ్యతిరేకించడానికి 1901లో డైలీ న్యూస్ పత్రిక కొనుగోలుకు పూనుకున్న జార్జి, దాని ద్వారా వృద్ధాప్య పింఛన్ల కోసం ప్రచారం సాగించాడు. అయితే ఆయన సంస్థ కొనే కోకోలో కొంత పోర్చుగీసు పాలనలోని సావో తోమే దీవి నుంచి వచ్చేది. అక్కడి కూలీలు పేరుకు ఒప్పందపు పనివారైనా, నిజానికి బానిసలేనన్న సమాచారం 1901 నాటికే అందినా, సంస్థ విచారణలతోనూ దౌత్య ప్రయత్నాలతోనూ కాలం గడిపి, 1909లో గాని కొనుగోలు నిలిపివేయలేదు. ఈ జాప్యాన్ని కపటమని విమర్శించిన స్టాండర్డ్ పత్రికపై సంస్థ పరువునష్టం దావా వేసి గెలిచింది గాని, జూరీ నిర్ణయించిన పరిహారం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు మాత్రమే.

జార్జి క్యాడ్‌బరీ 1922 అక్టోబరు 24న మరణించాడు.