కరచాలనం తర్వాత మిగిలేది: భారత్–చైనా అధినేతల భేటీల్లో ప్రతీక, సారం

1988 డిసెంబరులో బీజింగ్‌లో చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ ప్రధాని రాజీవ్ గాంధీ చేతిని చాలాసేపు వదలకుండా పట్టుకున్నారు. 2019 అక్టోబరులో నరేంద్ర మోదీ తమిళుల పద్ధతిలో పంచె కట్టుకుని, మహాబలిపురం శిల్పాలను షీ జిన్‌పింగ్‌కు దగ్గరుండి చూపించారు. మొదటి దృశ్యం తర్వాత సరిహద్దు శాంతి ఒప్పందాలు వచ్చాయి. రెండోదాని తర్వాత 8 నెలలకు గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. దీన్ని చూసి, నాయకుల భేటీల్లో ప్రతీకలన్నీ ఆడంబరమేనని, అసలు విషయం ఒప్పంద పత్రాల్లోనే ఉంటుందని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ వాదన 1988ని వివరించలేదు. ప్రతీకకు బలం రెండు చోట్ల నుంచి వస్తుందని నా ప్రతిపాదన: ఆ నాయకుడు తన పాత వైఖరిలో దేన్ని వదులుకున్నాడు, వదులుకున్నాక మిగిలిన పనిని ఎవరికి అప్పగించాడు. ఈ రెండూ లేనప్పుడు ప్రతీక నిష్ఫలం కావడంతో ఆగదు, తేలని సమస్యను కళ్లకు కనబడకుండా కప్పేస్తుంది కూడా.

రాజీవ్ పర్యటన వెనుక ఎంత పని జరిగిందో ఆ కరచాలనం ఒక్కటే చూస్తే తెలియదు. 1976లో రెండు దేశాలూ రాయబారులను తిరిగి నియమించుకున్నాయి. 1981 నుంచి 1987 వరకు అధికారులు 8 విడతలు సరిహద్దు చర్చలు జరిపారు. 1986–87లో అరుణాచల్‌లోని సుమ్‌దొరొంగ్ చూ లోయలో రెండు సైన్యాలు ఎదురెదురుగా మోహరించాయి. 1962 యుద్ధం తర్వాత, సరిహద్దు తేలనిదే సంబంధాలు పూర్తిగా మామూలు కావన్నది ఢిల్లీ పట్టు. ఆ పట్టు సడలించుకునే రాజీవ్ బయల్దేరారు. సరిహద్దు చర్చలు ఒకవైపు సాగుతుండగానే మిగతా రంగాల్లో సంబంధాలు పెంచుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. 1954లో నెహ్రూ వెళ్లివచ్చాక 34 ఏళ్లకు ఒక భారత ప్రధాని చైనాలో అడుగుపెట్టడం, యుద్ధ పరాభవం ఇంకా పచ్చిగా ఉన్న దేశంలో, రాజకీయంగా ఖర్చుతో కూడిన నిర్ణయం. డెంగ్ కరచాలనానికి విలువ వచ్చింది ఆ ఖర్చు వల్లే. అదే పర్యటనలో సరిహద్దుపై సంయుక్త కార్యాచరణ బృందాన్ని ఏర్పాటు చేశారు. నాయకులు విమానమెక్కాక పని ఆ బృందం చేతిలో మిగిలింది.

దాని ఫలితం 1993 సెప్టెంబరు 7న, పి.వి. నరసింహారావు బీజింగ్ పర్యటనలో కనిపించింది. వాస్తవాధీన రేఖ వెంబడి శాంతిని కాపాడతామని, సరిహద్దు తేలేలోపు ఆ రేఖను గౌరవిస్తామని రెండు దేశాలు రాసుకున్నాయి. ఆ పర్యటన నుంచి జనం గుర్తుంచుకున్న ఫొటో ఏదీ లేదు. పి.వి.ని ఆర్థిక సంస్కరణలతోనే తలుచుకునే మనం ఈ ఒప్పందానికి దక్కాల్సిన చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం. 1995లో సుమ్‌దొరొంగ్ చూ ప్రాంతంలో అతి దగ్గరగా ఉన్న శిబిరాలను ఉపసంహరించుకోవడానికి దారి చూపింది సంయుక్త బృందమే. 1996 ఒప్పందం రేఖకు 2 కిలోమీటర్ల లోపల కాల్పులను నిషేధించింది.

వుహాన్, మహాబలిపురం భేటీలను తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. 2017లో డోక్లాంలో రెండు సైన్యాల మధ్య ప్రతిష్టంభన రెండు నెలలకు పైగా సాగింది. అలాంటి ఉద్రిక్తత తర్వాత 2018 ఏప్రిల్‌లో వుహాన్‌లో ఇద్దరు నేతలు తీరిగ్గా మాట్లాడుకోవడమే అవసరమైన పని. ఎజెండా లేని సంభాషణ నుంచి ఒప్పందాలు ఆశించడం తప్పని ఈ పద్ధతిని సమర్థించేవారు అంటారు. అందులో నిజముంది. అయితే వుహాన్ తర్వాత సైన్యాలకు వ్యూహాత్మక మార్గదర్శనం ఇస్తామని చెప్పుకున్నారు కానీ, ఆ మార్గదర్శనం అమలైందో లేదో కొలిచే ఏర్పాటు బయటికి చెప్పలేదు. ఉమ్మడి ప్రకటన కూడా లేదు, ఎవరి ప్రకటన వారిదే. మహాబలిపురంలో వాణిజ్యంపై ఉన్నతస్థాయి యంత్రాంగాన్ని ప్రకటించారు, 2020లో దౌత్య సంబంధాల 70వ వార్షికోత్సవానికి 70 కార్యక్రమాలు అనుకున్నారు. సరిహద్దు విషయంలో మాత్రం ఎవరూ ఏ పట్టూ వదులుకున్నట్టు కనిపించదు.

అసలు గట్టి అభ్యంతరం మరొకటుంది. 1993, 1996 పత్రాలు ఉండగానే గల్వాన్ జరిగింది కదా, మరి సారం కూడా ఓడిపోలేదా? ఓడిపోయింది, కానీ ఎక్కడ ఓడిందో గమనించాలి. ఆ ఒప్పందాలు రేఖను కాపాడమన్నాయి, రేఖ ఎక్కడుందో తేల్చలేదు. 2000లో మధ్య సెక్టార్‌కు మాత్రమే మ్యాపులు ఇచ్చిపుచ్చుకున్నారు. 2002లో పశ్చిమ సెక్టార్ మ్యాపులు చూపించుకుని, అంతరం చూసి వెనక్కి తీసుకున్నారు. లద్దాఖ్ ఉన్నది ఆ పశ్చిమ సెక్టార్‌లోనే. ఆ పని ఆగిపోయి ఉండగానే 18 ఏళ్లపాటు భేటీలు జరుగుతూ వచ్చాయి. 2014లో అహ్మదాబాద్‌లో ఇద్దరు నేతలు ఊయల మీద కూర్చున్న రోజుల్లోనే లద్దాఖ్‌లోని చుమార్‌లో సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఇంకోవైపు, 1975 నుంచి 2020 దాకా 45 ఏళ్లు ఆ రేఖ మీద ఘర్షణల్లో ఒక్క సైనికుడూ చనిపోలేదు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగిన 2020 జూన్ 15 రాత్రి కూడా మన సైనికుల దగ్గర ఆయుధాలున్నా, 1996 ఒప్పందాన్ని, 2005లో కుదిరిన మరో ఒప్పందాన్ని పాటించే వాటిని వాడలేదని విదేశాంగ మంత్రి జైశంకర్ చెప్పారు. రాసుకున్న మేరకు పత్రం పనిచేసింది. రాయకుండా వదిలిన చోటే నెత్తురు పారింది.

2024 అక్టోబరులో రష్యాలోని కజాన్‌లో మోదీ, షీ కలిసినప్పుడు వరస మారింది. లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్ ప్రాంతాల్లో గస్తీపై ఏర్పాటు కుదిరిందని భారత్ 21న ప్రకటించింది. నాయకులు చేతులు కలిపింది 23న. చిత్రానికి ముందే పని జరిగిందన్నమాట. ఆ భేటీలోనే సరిహద్దుపై ప్రత్యేక ప్రతినిధుల చర్చలను మళ్లీ మొదలుపెట్టమన్నారు, డిసెంబరులో అవి జరిగాయి. 2025 ఆగస్టులో సరిహద్దు నిర్ధారణలో ముందుగా తేలగలిగిన భాగాలను పరిశీలించడానికి నిపుణుల బృందం వేయాలని నిర్ణయించారు. ఆ బృందం 2002లో వెనక్కి తీసుకున్న మ్యాపుల జోలికి వెళుతుందా, లేక తేలికైన భాగాల దగ్గరే ఆగుతుందా అన్నదాన్ని బట్టే కజాన్ భేటీని 1988 సరసన పెట్టాలో 2019 సరసన పెట్టాలో తేలుతుంది.