ఫ్లైట్ జాకెట్ చరిత్ర: హిజ్లీ నుంచి చూస్తే

డిసెంబరులో మా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌కి వస్తే 'బాంబర్ జాకెట్లు' వరసగా వేలాడుతూ కనిపిస్తాయి. ఫ్యాషన్ సంగతి మనకెందుకు అనుకోకండి. ప్రపంచ యుద్ధం, సాంకేతికత, వలస పాలన మూడూ ఈ ఒక్క వస్తువు దగ్గర కలుస్తాయి.

అవసరం: ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ప్రామాణిక లెక్క ప్రకారం 25,000 అడుగుల దగ్గర అది మైనస్ 34. తొలి విమానాల కాక్‌పిట్లకు పైకప్పే లేదు. అందుకే తోలు. అమెరికా సైన్యం 1931లో ఏ-2 తోలు జాకెట్‌ను, 1934లో ఉన్నితో కూడిన గొర్రె తోలు బీ-3ని ఆమోదించింది.

అదే 1931, సెప్టెంబరు 16న ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపారు. విచారణ లేకుండా బంధించిన సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు.

మలుపు: 1944లో అదే హిజ్లీ భవనం అమెరికా 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కేంద్రమైంది. చాకులియా, పియర్‌డోబా, దూధ్‌కుండి రన్‌వేల నుంచి బీ-29లు ఎగిరాయి. వాటి తొలి యుద్ధ దాడి జూన్ 5న, బ్యాంకాక్‌పై. సిబ్బంది ఉండే గదుల్లో గాలి పీడనాన్ని, వెచ్చదనాన్ని నిలిపే ఏర్పాటు ఉండటంతో బరువైన గొర్రె తోలు అవసరం తగ్గింది. అప్పటికే, 1943లో, తోలు ఏ-2 స్థానంలో గుడ్డతో చేసిన బీ-10 వచ్చింది.

ఈ యుద్ధరంగంలో చాలామంది జాకెట్లకు 'బ్లడ్ చిట్' కుట్టుకునేవారు. విమానం కూలితే స్థానికులు తమను కాపాడాలని వాళ్ల భాషలో కోరే గుడ్డముక్క అది.

ఆ తర్వాత: జెట్ల ఇరుకు కాక్‌పిట్లకు తేలికైన నైలాన్ ఎంఏ-1 వచ్చింది. కూలిన పైలట్ తిరగేసి వేసుకుంటే దూరానికి కనబడేలా, తర్వాతి రకాలకు లోపల నారింజ రంగు అస్తరు వేశారు. బజారులో మీరు చూసేది దీని నకలే.

మనకేంటి? హిజ్లీ దగ్గర నా నోట్సులో రెండేళ్లపాటు ఒకటే లైను ఉండేది: '1951, తొలి ఐఐటీ'. రోజూ ఆ గోడ పక్క నుంచే వెళ్తూ కూడా అంతకుమించి చదవలేదు. స్వేచ్ఛ అడిగినవాళ్లను బంధించిన చోటు నుంచే, పదమూడేళ్లకు, స్వేచ్ఛ కోసమంటూ చేసిన యుద్ధం నడిచింది. ఈ వైరుధ్యం 'జాతీయోద్యమం', 'ప్రపంచ యుద్ధం' అనే వేర్వేరు చాప్టర్లలో పడి మనకు కనబడదు. మీ ఊళ్లోనూ ఇలాంటి భవనం ఒకటి ఉంటుంది. ఈ ఆదివారం టెస్ట్ సిరీస్ అయ్యాక దాని తేదీలన్నీ ఒకే పేజీలో రాసి చూడండి.